ఒక పసుపు రేఖ – కొన్ని ప్రకటనలు

పొయ్యిమీద ఉప్పు వేసిన నీరు పొంగి మంటలో చిందినప్పుడు, ఆ మంట ఒక్క క్షణము గాఢమైన పసుపు వన్నెకు తిరుగుట మన ఇండ్లలో అందరును చూచినదే. ఆ పసుపు ఉప్పులోని సోడియం అను మూలకము యొక్క గుర్తు. దీపావళినాడు కాల్చే మతాబులలో ఎరుపు స్ట్రాన్షియం వలన, ఆకుపచ్చ బేరియం వలన కలుగుచున్నవి. అట్టి వెలుతురును సన్నని చీలిక గుండా పంపి, గాజు పట్టకముతో విడదీసి చూచినచో ఇంద్రధనుస్సు వంటి పట్టీకి బదులుగా కొన్ని సన్నని ప్రకాశరేఖలు, ఎడమెడముగా, తమ తమ స్థానములలో నిలిచి కనబడును. ఏ మూలకమునకు ఆ మూలకపు రేఖలే ఉండును. ఎన్ని బట్టలు కలిసినను చాకలి గుర్తును బట్టి ఏ బట్ట ఏ ఇంటిదో చెప్పగలిగినట్లు, ఎన్ని పదార్థములు కలిసియున్నను రేఖలను బట్టి అందులో ఏయే మూలకములున్నవో చెప్పవచ్చును.

ఈ సంగతిని శాస్త్రముగా నిలిపినవారు జర్మనీ దేశములోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయములో పనిచేసిన బున్సెన్, కిర్కాఫ్ అను ఇద్దరు. బున్సెన్ రసాయన శాస్త్రజ్ఞుడు, కిర్కాఫ్ భౌతిక శాస్త్రజ్ఞుడు. 1860లో వారు ప్రకటించిన పత్రములో తమ పరికరము నిర్మాణము, వాడిన లవణములను శుద్ధి చేసిన తీరు, చూచిన రేఖల పటములు అన్నియు ఇచ్చినారు. ఆ సంవత్సరముననే డర్క్‌హైమ్ అను ఊరి ఖనిజజలములో ఇంతకుముందు ఎవరును చూడని రెండు నీలిరేఖలు వారికి కనబడినవి. కేవలము రేఖలను చూపి కొత్త మూలకమున్నదనిన లోకము నమ్మునా యని, 44 వేల కిలోగ్రాముల నీటిని ఇంకించి, కొద్ది గ్రాముల లవణమును చేతబట్టి చూపినారు. సీసియం అను మూలకము అట్లు బయటపడినది. మరుసటి సంవత్సరము రుబీడియం వచ్చినది.

పరికరములో కన్ను చూచినది ఒక మనిషి అనుభవము మాత్రమే. దానిని ఇతరులు మరల చేసి చూచుటకు వీలుగా వ్రాసి ప్రకటించినప్పుడే అది శాస్త్రమగుచున్నది. ఈ ప్రసంగములో మూలకముల రేఖలను గూర్చి ఎంత చెప్పుకొనబోవుచున్నామో, వాటిని గూర్చి వ్రాసిన పత్రముల భాగ్యమును గూర్చియు అంత చెప్పుకొనవలెను. అందుకు మన ఆంధ్రతీరముతో సంబంధమున్న కథ ఒకటి కలదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము కలిగినది. చంద్రుని నీడ భారతదేశమును పడమటినుండి తూర్పునకు దాటుచు తెలుగు నేలమీదుగా బంగాళాఖాతములోనికి సాగిపోయినది. గ్రహణ సమయములో సూర్యబింబపు అంచున ఎర్రని జ్వాలలు ఎగసి కనబడుట పూర్వమునుండి తెలిసినదే. అవి ఏ పదార్థముతో ఏర్పడినవో వర్ణపటదర్శినితో తేల్చుటకు అది మొదటి మంచి అవకాశము. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు గుంటూరు చేరినాడు. బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు టెనెంట్ బృందము కూడ గుంటూరులోనే దిగినది. మద్రాసు వేధశాలాధికారి పోగ్సన్ మచిలీపట్నము వచ్చినాడు. ఆ వేధశాలలోనే పనిచేయు చింతామణి రఘునాథాచారి నాయకత్వమున మరియొక బృందము నిజాము రాజ్యములోని వనపర్తికి వెళ్లినది.

ఆ కొద్ది నిమిషములలో జాన్సెన్ చూచినది స్పష్టముగా ఉన్నది. జ్వాలల వెలుతురు కొన్ని ప్రకాశరేఖలుగా విడిపోయినది. కనుక అవి మండుచున్న వాయురాశులు. వాటిలో ముఖ్యమైనది ఉదజని, అనగా హైడ్రోజన్. ఆ రేఖలు ఎంత ప్రకాశవంతముగా ఉన్నవనిన, గ్రహణము లేకున్నను వీటిని చూడవచ్చునను ఆలోచన ఆయనకు అప్పుడే కలిగినది. మరునాడు, ఆగస్టు 19న, గుంటూరులోనే పట్టపగలు పరికరమును సూర్యుని అంచునకు త్రిప్పి, ఆ రేఖలను మరల చూచినాడు. కొద్ది నిమిషములకొరకు దేశదేశములు తిరుగవలసిన పని అంతటితో తీరినది. ఆ పిమ్మట పలుదినములు జ్వాలల మార్పులను పరిశీలించి, సెప్టెంబరు 19వ తేదీతో పారిస్‌లోని శాస్త్ర పరిషత్తుకు లేఖ వ్రాసినాడు. పరిషత్తు కార్యకలాపముల సంపుటములో ఆ లేఖ శీర్షికలో కాకినాడ పేరు నాటి వ్రాతలో ముద్రితమై ఉన్నది.

లేఖ ఓడమీద పోవలసినది. ఈలోగా ఇంగ్లండులో లాకయ్యర్ అను మరియొక పరిశోధకుడు ఇదే ఆలోచనతో ఉన్నాడు. ఆయనకు ఈ ఊహ 1866లోనే కలిగినది కాని, తగిన పరికరము తయారై చేతికందుట 1868 అక్టోబరు నడిమి వరకు ఆలస్యమైనది. అక్టోబరు 20న గ్రహణముతో పనిలేకయే ఆయనకు జ్వాలల రేఖలు కనబడినవి. ఆయన కూడ పారిస్‌కు వార్త పంపినాడు. అక్టోబరు 26న పరిషత్తు సమావేశములో రెండు లేఖలును కొద్ది నిమిషముల తేడాతో సభ్యుల ఎదుటికి వచ్చినవి. ఎవరు ముందు అను తగవునకు తావులేకుండ ఆ కీర్తిని ఇద్దరికిని పంచినారు. 1872లో ఇద్దరి ముఖములను కలిపి చెక్కిన పతకమును కూడ ఫ్రాన్సులో ముద్రించినారు.

పరిశోధనలో తొలిస్థానమును నిర్ణయించునది చూచిన దినము కాదు, తెలియజేసిన దినము. జాన్సెన్ రెండు నెలలు ముందుగా చూచినాడు. కాని లేఖ సముద్రముమీద ఇంకొక వారము ఆలస్యమైనచో చరిత్ర మరియొక విధముగా వ్రాయబడెడిది.

ఇక పసుపు రేఖ సంగతి. గుంటూరులో జాన్సెన్ హీలియంను కనుగొన్నాడని తరచుగా చెప్పుట కలదు. ఆయన లేఖ ప్రధానముగా చెప్పినది ఉదజనిని గూర్చియు, గ్రహణము లేకుండ చూచు పద్ధతిని గూర్చియు మాత్రమే. ఆనాటి గ్రహణములో పసుపు రేఖను చూచినవారు పలువురు. వారిలో పెక్కుమంది దానిని సోడియం రేఖ అనుకొని ఊరకున్నారు. సోడియం రేఖలు రెండు, 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉండును. ఈ కొత్త రేఖ స్థానము 587.6. ఇంత స్వల్పమైన తేడా తొందరలో కొద్ది నిమిషములు చూచిన కంటికి అందుట కష్టము. తీరికగా దినదినము చూడగలిగిన లాకయ్యర్ ఇది సోడియం రేఖ కాదని తేల్చి, డి-3 అని పేరు పెట్టినాడు.

మచిలీపట్నములో పోగ్సన్ కూడ పసుపు రేఖను గుర్తించి, అది సోడియం రేఖ స్థానముననో, దానికి సమీపముననో ఉన్నదని వ్రాసుకొన్నాడు. ఆ సంగతి మద్రాసులో అచ్చయిన ప్రభుత్వ నివేదికలో ఉన్నది. కాని అది లండను, పారిస్ పండితులు నిత్యము చదువు పత్రిక కాదు. అచ్చయినను చదువరులకు అందని వ్రాత సగమే ప్రకటితమైనట్లు. అందుచేతనే పసుపు రేఖ కథలో గుంటూరు పేరు వినబడినంతగా మచిలీపట్నము పేరు వినబడదు.

డి-3 రేఖ భూమిమీద తెలిసిన ఏ మూలకమునకును చెందదని రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లండుతో కలిసి లాకయ్యర్ ఎన్నో విధముల పరీక్షించినాడు. సూర్యుని గ్రీకు పేరునుండి హీలియం అను మాట పుట్టినది. ఆ పేరు 1871లో అచ్చులోనికి వచ్చిన విధము వినదగినది. లాకయ్యర్ స్వయముగా ఆ పేరును ప్రకటించుటకు ముందే, బ్రిటిష్ అసోసియేషన్ సభలో అధ్యక్షోపన్యాసమిచ్చిన విలియం థామ్సన్, అనగా తరువాత లార్డ్ కెల్విన్ అని పేరొందిన శాస్త్రజ్ఞుడు, తన ఉపన్యాసపు అధోజ్ఞాపికలో, ఇట్టి పేరు పెట్టదలచినారని వ్రాసినాడు. ఒక మూలకము పేరు లోకమునకు తెలిసినది ఇతరుని ఉపన్యాసపు అడుగు పంక్తులలో! చేత పట్టుకొనుటకు పదార్థము లేదు. ఉన్నది ఒక్క గీత. ఆ జంకు సహజమే. ఈ లాకయ్యరే 1869 నవంబరులో నేచర్ అను వారపత్రికను స్థాపించి, యాభై సంవత్సరములు దానికి సంపాదకుడుగా ఉన్నాడు. పారిస్‌కు తన లేఖ చేరిన మరుసటి సంవత్సరమే శాస్త్రవార్తలు త్వరగా లోకమునకు అందుటకు ఆయన ఒక పత్రికను నిలుపుట గమనింపదగినది.

భూమిమీద హీలియం దొరకుటకు ఇరువదియేడు సంవత్సరములు పట్టినది. ఈ నడుమ ఇద్దరు శాస్త్రజ్ఞుల ప్రకటనలు వచ్చినవి. వాటిని పక్కపక్కన పెట్టి చూచినచో మంచి పరిశోధనపత్రమనగా ఏమో తెలియును.

మొదటివాడు ఇటలీ దేశస్థుడు పాల్మియేరి. వెసూవియస్ అగ్నిపర్వతపు పదార్థమును మంటలో వేడిచేయగా డి-3 రేఖ కనబడినదని 1880 దాటిన తొలి సంవత్సరములలో ఆయన ప్రకటించినాడు. కాని ఆ పదార్థమును ఎట్లు సిద్ధపరచినాడో, ఎట్లు పరీక్షించినాడో తగినంతగా వివరింపలేదు. తరువాతివారు పరీక్షించి ధ్రువపరచలేకపోయినారు. రెండవవాడు అమెరికా భూగర్భ పరిశోధనశాఖలోని హిల్లెబ్రాండ్. యురేనియం ఖనిజమును ఆమ్లముతో కాచినప్పుడు ఏ పదార్థముతోను కలియని ఒక వాయువు వెలువడుట చూచి, అది నత్రజని అని 1890 ప్రాంతమున ప్రకటించినాడు. నిర్ణయము సరికాదు. కాని ఏ ఖనిజము, ఎక్కడిది, ఏ ఆమ్లము, ఎంత వాయువు వచ్చినది – ఇవన్నియు శ్రద్ధగా వ్రాసినాడు.

1895లో లండనులోని రామ్సే అంతకు కొద్ది కాలమునకు ముందే ప్రకటితమైన ఆర్గాన్ వాయువు ఏ ఖనిజములోనైనను దాగియున్నదేమో యని వెదకుచుండగా, మయర్స్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు హిల్లెబ్రాండ్ పత్రమును ఆయనకు గుర్తుచేసినాడు. రామ్సే క్లీవైట్ అను యురేనియం ఖనిజమును తెప్పించి, అదే విధముగా కాచి, వచ్చిన వాయువును గాజుగొట్టములో బంధించి వర్ణపటదర్శినితో చూచినాడు. ఆర్గాన్‌కు బదులు, సోడియం రేఖల పక్కన, వాటితో కలియని పసుపు రేఖ మెరసినది. కొలతలో నిపుణుడైన క్రూక్స్‌కు ఆ వాయువును పంపగా, అది సూర్యునిలోని డి-3 రేఖయేనని ఆయన నిశ్చయించినాడు. ఆ సంవత్సరముననే స్వీడన్‌లో క్లీవ్, లాంగ్లెట్ అనువారు కూడ ఈ వాయువును స్వతంత్రముగా పొందినారు.

హిల్లెబ్రాండ్ రామ్సేకు వ్రాసిన ఉత్తరములో, తాను కూడ ఆ వాయువు వర్ణపటములో గుర్తుతెలియని రేఖలు కొన్నింటిని చూచియు, వాటిని పట్టించుకొనలేదని నిర్మొహమాటముగా ఒప్పుకొన్నాడు. ఆయన ఆ రేఖల సంగతిని కూడ అచ్చులో పెట్టియున్నచో హీలియం కీర్తిలో ఆయనకును వాటా ఉండెడిది. అయినను ఆయన పత్రము వృథా కాలేదు. తీర్పు తప్పినను సాక్ష్యము సరిగా వ్రాసినవాని పత్రము మరియొకనికి దారి చూపినది. పేరు సరిగా చెప్పినను సాక్ష్యము చాలనివాని మాట నిలువలేదు.

ప్రకటనకు మరియొక అడ్డంకి కలదు. అది ధనము. మన మేఘనాథ్ సాహా 1917లో సూర్యకాంతి ఒత్తిడి వేర్వేరు మూలకములపై వేర్వేరుగా పనిచేయు విధమును గూర్చి ఒక పెద్ద పత్రము వ్రాసి అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్ అను పత్రికకు పంపినాడు. అచ్చుఖర్చులో కొంత భాగము భరింపవలెనని సంపాదకులు కోరినారు. అది వందల డాలర్ల మాట. కలకత్తాలో స్వల్ప వేతనముతో ఉన్న ఆ యువకునికి అది శక్తికి మించినది. ఆ పత్రికలో చిన్న వ్యాసము మాత్రము వచ్చినది. పూర్తి పత్రము కలకత్తా విశ్వవిద్యాలయపు పత్రికలో, చదువరులు బహు స్వల్పముగా ఉన్నచోట, ప్రకటితమైనది. తరువాత అదే భావమును ఇతరులు విస్తరించినప్పుడు తన తొలిస్థానము మరుగుపడినదని ఆయన విచారము వెలిబుచ్చినాడు. ఈ సాహాయే 1920లో ఫిలసాఫికల్ మ్యాగజైన్ అను పత్రికలో, ఉష్ణోగ్రతను బట్టియు పీడనమును బట్టియు మూలకముల రేఖలు ఎట్లు ప్రబలమగునో, ఎట్లు మాయమగునో సమీకరణముతో చూపినాడు. నక్షత్రముల వర్ణపటములనుండి వాటిలోని మూలకముల పాళ్లను లెక్కకట్టుటకు ఆ సమీకరణమే ఆధారమైనది.

ఇదంతయు ఆకాశపు సంగతి కదా, మన ఇండ్లకు దీనితో ఏమి పని అనవచ్చును. ఆ పద్ధతియే వృద్ధిపొంది నేడు మన త్రాగునీటిని, ఆహారమును, మందులను, నేలను పరీక్షించుచున్నది. 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ అను శాస్త్రజ్ఞుడు స్పెక్ట్రోకిమికా ఆక్టా అను పత్రికలో, పరమాణువులు వెలువరించు కాంతికి బదులు అవి పీల్చుకొను కాంతిని కొలిచి మూలకమును లెక్కకట్టు పద్ధతిని ప్రకటించినాడు. 1980లో ఆర్గాన్ వాయువును వేల డిగ్రీల వేడిలో ప్లాస్మాగా మార్చి, అందులో నమూనాను పిచికారీ చేసి, విడివడిన అయాన్లను బరువునుబట్టి వేరుచేయు పద్ధతిని హౌక్, ఫాసెల్ మున్నగువారు ప్రకటించినారు. ఈనాడు ఈ యంత్రములు ఒక లీటరు నీటిలో, గ్రాములో వందకోట్లవ వంతు లోహమున్నను పట్టగలుగుచున్నవి. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో సీసమైనను, ఆర్సెనిక్ అయినను లీటరుకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదు.

యంత్రము ఇంత సూక్ష్మమైనప్పుడు పొరపాటు కూడ సూక్ష్మముగానే దూరును. అమెరికాలో క్లేర్ ప్యాటర్సన్ సీసపు ఐసోటోపులను కొలిచి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని 1956లో ప్రకటించినాడు. ఆ పనిలో ఆయనకు ఒక చిక్కు ఎదురైనది. గాలిలోని ధూళినుండి, గాజుపాత్రలనుండి, రసాయనములనుండి సీసము చేరి లెక్కను చెరచుచున్నది. ఏమియు కలుపని శుద్ధజలమును కూడ నమూనా వలెనే మొదటినుండి చివరి వరకు పరీక్షించి, ఆ సంఖ్యను తీసివేయుట ఆయన నియమము. ఆ నియమముతో చూడగా, పరిసరములలోని సీసములో అధికభాగము మానవులు చేర్చినదే యని తేలినది. పెట్రోలులో కలుపు సీసము ఇందులో ముఖ్య కారణము. 1965లో ఆయన ఈ సంగతిని ప్రకటించినప్పుడు పరిశ్రమ పక్షమున ఎదిరించినవారు పెక్కుమంది. కాని కొలత తీరు అంతయు అచ్చులో ఉన్నందున దానిని కాదనుట కష్టమైనది. క్రమముగా దేశములు సీసపు పెట్రోలును మానినవి. మన దేశములో 2000 నాటికి మానినారు. 2021లో ప్రపంచమంతట వాహనములకు అది నిలిచిపోయినది.

కనుక మూలకముల విశ్లేషణపై ఒక పత్రము వచ్చినప్పుడు అందులో చూడవలసినవి కొన్ని కలవు. నమూనా ఎక్కడ, ఎట్లు సేకరించినారు? ఖాళీ పరీక్ష చేసినారా? ముందుగా విలువ తెలిసిన ప్రామాణిక పదార్థమును అదే యంత్రముతో కొలిచి సరిచూచినారా? యంత్రము పట్టగల కనిష్ఠ పరిమాణము ఎంత? సంఖ్యకు అటునిటు ఎంత సందిగ్ధమున్నది? ఈ విషయములు లేనిచో ఆ సంఖ్యను నమ్ముటకు ఆధారము లేదు. సరియైన పత్రికలు సమాన విద్వాంసులచేత పరిశీలింపజేసి ఈ ప్రశ్నలన్నియు రచయితను అడిగింతురు. సొమ్ము పుచ్చుకొని, ఏమియు అడుగక అచ్చువేయు నామమాత్రపు పత్రికలు కూడ నేడు లేకపోలేదు. వాటివలన శాస్త్రమునకు కలుగు హాని సామాన్యమైనది కాదు.

మరియొక ప్రక్క, మంచి పత్రికలు కొన్ని రచయితనుండి, మరికొన్ని చదువరినుండి పెద్ద మొత్తములు అడుగుచున్నవి. సాహా ఎదుర్కొన్న చిక్కు నేటికిని పూర్తిగా తీరలేదు. చదువుటకు అయ్యే ఖర్చును తగ్గించుటకై 2024 నవంబరులో భారత ప్రభుత్వము ఒక పథకమును ఆమోదించినది. దానివలన 2025 నుండి ప్రభుత్వ విద్యాసంస్థలకు ముప్పది ప్రచురణ సంస్థల పత్రికలు, సుమారు పదమూడువేలు, ఒకే చందాక్రింద అందుచున్నవి. చిన్న ఊరి కళాశాలలోని విద్యార్థి కూడ వాటిని చదువ వీలగుట మేలే. వ్రాయు ఖర్చు భారము తగ్గుట ఇంకను కావలసియున్నది.

మన ఊరి బావినీటిలో ఏదో లోహమున్నదను వార్త వచ్చినప్పుడు కలవరపడుటకు ముందును, కొట్టిపారవేయుటకు ముందును, ఎంత ఉన్నదని, ఎన్ని నమూనాలలో చూచినారని, ఎట్లు కొలిచినారని, ఆ వివరము ఎక్కడ ప్రకటించినారని అడుగుట మంచిది. ఆ ప్రశ్న అడుగుటకు యంత్రము తెలిసియుండనక్కరలేదు, పట్టాలు ఉండనక్కరలేదు. అట్లు అడుగు పౌరులున్నచోట కొలుచువారు జాగ్రత్తగా కొలుతురు. వ్రాయువారు పూర్తిగా వ్రాయుదురు.